భూమి లోపలి లెక్క: మొబైల్ హోమ్ పార్కుల్లో నీళ్లు, మురుగు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాలలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యక్రమం కాగితంలో నా ప్రసంగం పేరు చూసి ఇందాక మా లెక్కల మాస్టారు "ఇదేం విషయంరా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. స్వర్ణోత్సవంలో మురుగు గొట్టాల గురించి మాట్లాడేవాడు ఎక్కడా ఉండడు. కానీ కమిటీవారు "నీకు బాగా తెలిసింది, మనవాళ్లకు పనికొచ్చేది చెప్పు" అన్నారు. నాకు బాగా తెలిసింది నీళ్ల గొట్టాలు, మురుగు గొట్టాలే. అమెరికాలో పాతికేళ్లకు పైగా అదే నా ఉద్యోగం. ఇక పనికొచ్చేదంటారా, గత మూడు నాలుగేళ్లలో మన బడిలో చదివినవాళ్లే డాలస్ నుంచి, ఆస్టిన్ నుంచి, అట్లాంటా నుంచి ఫోన్ చేసి ఒకే మాట అడిగారు: "అన్నా, మొబైల్ హోమ్ పార్కులో 50 వేల డాలర్లు పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?"

పెట్టొచ్చో లేదో చెప్పడానికి నేను ఆర్థిక సలహాదారుణ్ని కాను. నేను వాళ్లను తిరిగి ఒకటే అడుగుతాను. "ఆ పార్కుకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? మురుగు ఎక్కడికి పోతుంది?" పది మందిలో తొమ్మిది మంది దగ్గర జవాబు ఉండదు. వాళ్లకు వచ్చిన పీడీఎఫ్‌లో రంగురంగుల ఫోటోలు ఉంటాయి, ఐదేళ్ల లాభాల పట్టిక ఉంటుంది, నీళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క ఉంటుంది: "యుటిలిటీస్: ప్రైవేట్". ఆ ఒక్క ముక్కలో ఏముందో చెప్పడమే ఈ రోజు నా పని.

ముందుగా గురువుల కోసం, ఇక్కడే ఉంటున్న మిత్రుల కోసం, అసలు ఈ పార్కు అంటే ఏమిటో చెబుతాను. మొబైల్ హోమ్ అంటే ఫ్యాక్టరీలో తయారై, ఇనుప చట్రం మీద లారీ వెనక కట్టుకొచ్చి, ఒక చోట దింపిన ఇల్లు. పేరుకు మొబైలే గానీ ఒకసారి దింపాక చాలావరకు అది కదలదు. ఇల్లు అందులో ఉండేవాడిది. నేల మాత్రం పార్కు యజమానిది. ఇంటాయన నెలనెలా ఆ స్థలానికి అద్దె కడతాడు, దాన్నే లాట్ రెంట్ అంటారు. అమెరికాలో సుమారు 2 కోట్ల మంది ఇలాంటి ఫ్యాక్టరీ ఇళ్లలో ఉంటారు. కొందరికి సొంత నేల ఉంటుంది, చాలామంది మాత్రం పార్కుల్లో ఉంటారు. రిటైరైనవాళ్లు, కోళ్ల ఫ్యాక్టరీల్లో, భవన నిర్మాణంలో పనిచేసేవాళ్లు, చిన్న జీతాలవాళ్లు.

పెట్టుబడి పెట్టేవాళ్లకు ఇది ఎందుకు నచ్చుతుందంటే, ఇంటి కప్పు కారితే ఖర్చు యజమానిది కాదు, వంటింటి కుళాయి పాడైతే యజమానిది కాదు. ఇంటిని ఎత్తి ఇంకో చోటికి తీసుకెళ్లాలంటే వేల డాలర్లవుతుంది కాబట్టి అద్దెకున్నవాడు ఖాళీ చేయడం అరుదు. "ఖర్చు తక్కువ, రాబడి ఖాయం" అని అమ్మేవాళ్లు చెప్పేది ఇదే. అందులో అబద్ధం లేదు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. ఇళ్లు యజమానివి కాకపోతే ఆయన సొంతమేమిటి? నేల, దాని మీద రోడ్డు, దాని కింద గొట్టాలు. నేల పాడవదు, రోడ్డు పాడైతే కంటికి కనిపిస్తుంది. ఇక మిగిలింది గొట్టాలు. మీరిచ్చే డబ్బుతో కొంటున్నది వాటినే.

వాటి వయసెంత? ఈ ఇళ్ల నిర్మాణానికి కేంద్ర ప్రభుత్వపు ప్రమాణాలు 1976 జూన్ 15న అమల్లోకి వచ్చాయి. పార్కుల్లో చాలా భాగం అంతకంటే ముందు, 1950ల నుంచి 70ల దాకా వేసినవి. అప్పటి ఇళ్లు పోయి కొత్తవి వచ్చాయి. కింద గొట్టాలు మాత్రం చాలా చోట్ల అవే.

హైదరాబాదులో అపార్టుమెంటు అసోసియేషన్ సెక్రటరీగా చేసినవారు ఈ సభలో ఇద్దరు ముగ్గురు ఉన్నారని నాకు తెలుసు. బోరు ఎండిపోతే ఎవరికి ఫోన్ వస్తుందో, మురుగు శుద్ధి ప్లాంటు మోటారు కాలిపోతే ఎవరు తిట్లు తింటారో వాళ్లను అడగండి. మొబైల్ హోమ్ పార్కు కొనడమంటే అలాంటి పదవిని కొనుక్కోవడమే. ఒక చిన్న మునిసిపాలిటీని కొంటున్నారు మీరు. తేడా ఏమిటంటే మునిసిపాలిటీకి ఇంజనీరు ఉంటాడు, పన్నులుంటాయి, ప్రభుత్వ గ్రాంటు ఉంటుంది. మీకు లాట్ రెంట్ ఒక్కటే ఉంటుంది.

ఇక నీళ్ల సంగతి. నీళ్లు రెండు రకాలుగా వస్తాయి: సిటీ నీళ్లు, లేదా పార్కు సొంత బోరు.

సిటీ నీళ్లంటే చాలామంది "అమ్మయ్య" అనుకుంటారు. సగమే నిజం. సిటీ బాధ్యత పార్కు గేటు దగ్గరున్న పెద్ద మీటరు వరకే. దాన్ని మాస్టర్ మీటరు అంటారు. మీటరు దాటాక ప్రతి అడుగు గొట్టం యజమానిదే, లీకైన ప్రతి చుక్కకూ బిల్లు ఆయనదే. ఏ ఇంటికా ఇంటికి సిటీయే మీటరు పెట్టి, ఆ ఇంటివాడికే బిల్లు పంపే పార్కులు కూడా ఉన్నాయి. దొరికితే అవి మేలు.

మా మాస్టారు ఇక్కడున్నారు కాబట్టి ఒక లెక్క చేద్దాం. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలు. పార్కులో 60 ఇళ్లు. ఒక్కో ఇల్లు రోజుకు 150 గ్యాలన్లు వాడుతుందనుకుందాం, అంటే దాదాపు 570 లీటర్లు. మొత్తం రోజుకు 9 వేల గ్యాలన్లు, నెలకు 2 లక్షల 70 వేలు. సిటీ బిల్లులో మాత్రం 4 లక్షల 50 వేలు ఉంది. తేడా 1 లక్షా 80 వేలు. రోజుకు 6 వేల గ్యాలన్లు ఎవరూ తాగకుండా, ఎవరూ స్నానం చేయకుండా పోతున్నాయి. దీనికి ఎంత పెద్ద చిల్లు కావాలంటారు? గొట్టంలో ఒత్తిడి చదరపు అంగుళానికి 60 పౌండ్లుంటే, అంగుళంలో ఎనిమిదో వంతు చిల్లు ఒక్కటి రోజుకు 3 వేల గ్యాలన్లు వదిలేస్తుంది. అంటే పెన్సిల్ ములుకు పట్టేంత చిల్లులు రెండుంటే చాలు.

వెయ్యి గ్యాలన్లకు నీళ్లు, సీవరు కలిపి 12 డాలర్లు అనుకుంటే నెలకు 2,160 డాలర్లు, ఏడాదికి దాదాపు 26 వేలు. చాలా ఊళ్లలో సీవరు చార్జీని కూడా నీళ్ల మీటరు చూసే వేస్తారు. భూమిలోకి ఇంకిపోయి సీవరు ముఖమే చూడని నీళ్లకు కూడా సీవరు చార్జీ కడుతున్నారన్నమాట. ఈ వ్యాపారంలో పార్కు ధరను ఏటా మిగిలే ఆదాయాన్ని బట్టి కడతారు. 8 శాతం లెక్కన చూస్తే ఏడాదికి 26 వేలు పోవడమంటే పార్కు విలువలో 3 లక్షల 25 వేల డాలర్లు పోయినట్టు. రెండు పెన్సిల్ ములుకుల ఖరీదు అది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. అమ్మేవాడి దగ్గర 36 నెలల నీళ్ల బిల్లులు తీసుకోండి, 12 చాలవు. ఏడాదికేడాది వాడకం పెరుగుతూ ఉండి ఇళ్ల సంఖ్య పెరగకపోతే గొట్టాలు కారుతున్నట్టే. తర్వాత, రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య మాస్టర్ మీటరు దగ్గర నిలబడి చూడండి. ఊరంతా నిద్రపోతున్నప్పుడు ముల్లు దాదాపు ఆగిపోవాలి. జోరుగా తిరుగుతోందంటే మీ లాభాల పట్టిక భూమిలోకి ఇంకుతోందని అర్థం. ఒక్కో వరుసకూ వాల్వు కట్టేసి చూస్తే ఏ వరుసలో లీకుందో తెలుస్తుంది. వాల్వులు పనిచేస్తే, అవి ఎక్కడున్నాయో తెలిస్తే అనుకోండి. పాత పార్కులకు సాధారణంగా గొట్టాల మ్యాపు ఉండదు. ఆ మ్యాపు పాత మేనేజరు తలలో ఉంటుంది, ఆయన రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోయి ఉంటాడు.

గొట్టం దేంతో చేసిందో కూడా అడగాలి. జింకు పూత వేసిన పాత ఇనుప గొట్టమైతే లోపల తుప్పుతో పూడుకుపోయి ఉంటుంది. బూడిదరంగు పాలీబ్యుటిలీన్ అని ఒకటుంది, 1978 నుంచి 1995 దాకా విరివిగా వేశారు. నీళ్లలోని క్లోరిన్ తగిలి పెళుసెక్కి చీలిపోతుందని తేలాక తయారీదారుల మీద పెద్ద దావా నడిచి, 1995లో వంద కోట్ల డాలర్లకు దగ్గరగా పరిహారం తేలింది. అది కనిపిస్తే అతుకులు వేసే ఆలోచన మానుకుని, మొత్తం మార్చే ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి.

"అదంతా ఎందుకన్నా, ఇంటింటికీ సబ్ మీటరు పెట్టేస్తాం, బిల్లు వాళ్లే కట్టుకుంటారు" అని చెప్పే స్పాన్సర్లున్నారు. సబ్ మీటరు మంచిదే. తన బిల్లు తాను కట్టుకునేవాడు కారే కుళాయిని బాగుచేయించుకుంటాడు. కానీ సబ్ మీటరు ఇంటి దగ్గర ఉంటుంది. మాస్టర్ మీటరుకూ దానికీ మధ్య పోయే నీళ్లను అది చూడదు, ఆ ఖర్చు యజమాని నెత్తినే ఉంటుంది. ఇంకో పద్ధతి ఉంది: మీటర్లు లేకుండానే మొత్తం బిల్లును ఇళ్లకు పంచేయడం. అప్పుడు భూమిలో లీకయ్యే నీళ్లకు కూడా అద్దెకున్నవాళ్లే కడతారు. కొన్ని రాష్ట్రాల్లో ఇది చట్టబద్ధమే కావచ్చు, నాకు మాత్రం ఇది న్యాయంగా అనిపించదు. గొట్టం మనది, చిల్లు మనది, బిల్లు వాళ్లదా? రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి. టెక్సాస్‌లో సబ్ మీటర్లు పెట్టినా, బిల్లు పంచినా పబ్లిక్ యుటిలిటీ కమిషన్ దగ్గర నమోదు చేసుకోవాలి, దాని నియమాల ప్రకారమే వసూలు చేయాలి.

సొంత బోరు ఉన్న పార్కు సంగతి వేరు. 1974లో వచ్చిన సురక్షిత తాగునీటి చట్టం ప్రకారం 15 కనెక్షన్లున్నా, 25 మంది నిత్యం వాడుకున్నా అది "ప్రజా నీటి వ్యవస్థ". బోరు ప్రైవేటుదే, బాధ్యత మాత్రం ప్రజలది. 30 ఇళ్ల పార్కు యజమాని ఆ చట్టం దృష్టిలో నీళ్ల బోర్డు చైర్మన్. సూక్ష్మజీవుల పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి, లైసెన్సున్న ఆపరేటరును పెట్టుకోవాలి, ఏడాదికోసారి నీళ్ల నాణ్యత నివేదికను ఇళ్లవాళ్లకు అందజేయాలి.

నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి, ఎముకలు వంగిపోతాయి. ఆర్సెనిక్ కూడా ఆ జాతిదే. రంగు, రుచి, వాసన ఉండవు, ఏళ్ల తరబడి తాగితే క్యాన్సర్. అమెరికాలో దాని పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు, 2006 నుంచి అమల్లో ఉంది. కాలిఫోర్నియాలో కోచెల్లా లోయలో థర్మల్ అనే ఊరి దగ్గర ఒయాసిస్ మొబైల్ హోమ్ పార్కు అని ఉంది. ఎక్కువగా పొలం కూలీల కుటుంబాలు. అక్కడి బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఆ పరిమితికి దాదాపు పది రెట్లు తేలింది. 2019లో పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ అత్యవసర ఆదేశం ఇచ్చి, వేరే తాగునీళ్లు అందించమని చెప్పాల్సి వచ్చింది. అలాంటి పార్కు కొన్న మర్నాటి నుంచి ఆ ఆదేశానికి జవాబుదారీ మీరు.

నైట్రేటు ఇంకొకటి. నెలల పిల్లలకు ప్రమాదం, రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలిరంగుకు తిరుగుతుంది. పొలాల ఎరువుల నుంచి వస్తుంది, సెప్టిక్ ట్యాంకుల నుంచి కూడా వస్తుంది. సొంత బోరు, సొంత సెప్టిక్ రెండూ ఉన్న పార్కులో నైట్రేటు అంకె ఏటా కొద్దికొద్దిగా పెరుగుతోందంటే, ఆ పార్కు మురుగే ఆ పార్కు బోరులోకి చేరుతోందేమోనని అనుమానించాలి. ఒక ఏడాది రిపోర్టు చూస్తే "పరిమితి లోపలే ఉంది" అనిపిస్తుంది. పదేళ్లవి వరసగా పెట్టి చూస్తేనే కథ తెలుస్తుంది.

ఈ రిపోర్టుల కోసం అమ్మేవాణ్ని బతిమాలక్కర్లేదు. ఈపీఏ వారి ఎకో అనే వెబ్‌సైటులో పార్కు పేరో, కౌంటీయో కొట్టి చూస్తే ఉల్లంఘనలు, నోటీసులు, జరిమానాలు ఉచితంగా కనిపిస్తాయి. రాష్ట్రాలకు వాటి వెబ్‌సైట్లు వాటికున్నాయి. 50 వేల డాలర్లు పెట్టేముందు అరగంట. మనవాళ్లు టీవీ కొనడానికి ఇంతకంటే ఎక్కువ సేపు రివ్యూలు చదువుతారు.

ఇప్పుడు మురుగు. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. నీళ్లు లీకైతే బిల్లు వస్తుంది. మురుగు పైకి తన్నితే నోటీసు వస్తుంది.

సిటీ సీవరు ఉంటే మేలు. కానీ పార్కు లోపలి గొట్టాలు ఇక్కడా యజమానివే. పాత మట్టి గొట్టాలైతే అతుకుల దగ్గర చెట్ల వేళ్లు దూరతాయి. ఆరెంజ్‌బర్గ్ అని ఒక విచిత్రమైన గొట్టం ఉంది. చెక్క గుజ్జును తారులో నానబెట్టి చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చవగ్గా దొరికిందని ఎడాపెడా వేశారు, 70ల మొదట్లో తయారీ ఆగింది. పైన మట్టి బరువుకు అది మెల్లగా చదునై కోడిగుడ్డు ఆకారానికి, తర్వాత అప్పడం ఆకారానికి వస్తుంది. ఇవన్నీ పై నుంచి కనిపించవు. గొట్టంలోకి కెమెరా దింపి చూడాలి. కొన్ని వేల డాలర్లవుతుంది. కొనేముందు కెమెరా వద్దన్న అమ్మకందారు దగ్గర నేనైతే ఇంకేమీ కొనను.

సెప్టిక్ ట్యాంకు మనకు తెలిసిందే. బరువైంది అడుగుకు దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యలోని నీళ్లు బయటికి పోతాయి. మన ఊళ్లలో చాలా చోట్ల ఆ నీళ్లు వీధి కాలువలోకి పోయాయి, మన పని అయిపోయిందనుకున్నాం. అక్కడ అవి డ్రెయిన్ ఫీల్డులోకి వెళ్లాలి. మట్టిలో చిల్లుల గొట్టాలు పరిచి, కొంచెం కొంచెంగా ఇంకనిచ్చే స్థలం అది, పెద్ద ఇంకుడు గుంత అనుకోండి. మట్టిలోని సూక్ష్మజీవులే శుద్ధి చేస్తాయి. ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తోడించకపోతే అడుగు మడ్డి ఫీల్డులోకి వెళ్లి మట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. ట్యాంకు తోడించడానికి వందల డాలర్లు, ఫీల్డు మార్చడానికి వేలు, పెద్దదైతే లక్షలు. కాబట్టి అమ్మేవాడిని అడగాల్సింది "సెప్టిక్ బాగుందా?" అని కాదు. బాగుందనే అంటాడు. "తోడించిన రసీదులు చూపించు" అనాలి.

ఇంకో చిక్కుంది, ఇది ఇంజనీరు కానివాళ్లకు తట్టదు. 1960లలో ఆ ట్యాంకు వేసినప్పుడు దాని మీదున్నది ఒక బాత్రూము ఉన్న చిన్న ట్రైలరు. ఇప్పుడు అదే స్థలంలో రెండు బాత్రూములు, బట్టలు ఉతికే మెషీను, గిన్నెలు కడిగే మెషీను ఉన్న వెడల్పాటి ఇల్లు. నీళ్లు రెట్టింపు, ట్యాంకు అదే, మట్టి అదే. పాడైతే కొత్త ఫీల్డు వేయడానికి ఖాళీ స్థలం కావాలి. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న పార్కులో ఆ స్థలం ఎక్కడిది?

ఇక్కడే ఖాళీ లాట్ల మాయ ఒకటుంది, దయచేసి గుర్తుపెట్టుకోండి. పీడీఎఫ్‌లో ఇలా ఉంటుంది: "60 లాట్లు, 42 నిండి ఉన్నాయి, మిగతా 18 నింపితే ఆదాయం 40 శాతానికి పైగా పెరుగుతుంది." లాభాల పట్టిక అంతా ఆ 18 మీద నిలబడి ఉంటుంది. ఆ 18 ఎందుకు ఖాళీ? మేనేజరు బద్ధకస్తుడు కావచ్చు. ఆ వరుసలో సెప్టిక్ చచ్చిపోయి ఇళ్లు తీసేసి ఉండవచ్చు కూడా. పాత నియమాల కింద నడిచిన లాటు కొంతకాలం ఖాళీగా ఉంటే, చాలా కౌంటీల్లో మళ్లీ ఇల్లు పెట్టాలంటే నేటి నియమాల ప్రకారం కొత్త అనుమతి కావాలి. టెక్సాస్‌లో రోజుకు 5 వేల గ్యాలన్లు దాటని మురుగునే స్థానిక సెప్టిక్ అనుమతితో నడపనిస్తారు. దాటితే రాష్ట్ర పర్యావరణ కమిషన్ దగ్గర వేరే పర్మిట్ తీసుకోవాలి, అది వేరే ప్రపంచం. ఇందాక మన లెక్కలో 60 ఇళ్ల వాడకం 9 వేలు కదా. కౌంటీ ఆరోగ్య శాఖకు ఫోన్ చేసి "ఈ పార్కు పర్మిట్ ఎన్ని ఇళ్లకు?" అని అడిగితే ఐదు నిమిషాల్లో తేలుతుంది. ఆ అంకె 42 అయితే మీరు కొంటున్నది 42 లాట్ల పార్కు. 60కి ధర ఎందుకివ్వాలి?

కిందటి వేసవిలో మన జూనియర్ ఒకడు అడిగితే వాడితో కలిసి ఒక పార్కు చూడ్డానికి వెళ్లాను. ఊరి పేరు, పార్కు పేరు వద్దు. ఆగస్టు నెల, రెండు నెలలుగా వాన లేదు, ఊరంతా గడ్డి ఎండి గోధుమరంగులో ఉంది. పార్కు వెనక ఒక్క చోట మాత్రం వరినారులా పచ్చగా, ఏపుగా ఉంది. మావాడు "ఇక్కడ పిల్లలకు ఆటస్థలం పెట్టొచ్చన్నా" అన్నాడు. నేను కాలితో నొక్కి చూశాను, నేల మెత్తగా ఉంది. డ్రెయిన్ ఫీల్డు పైకి ఊరుతోంది. మేనేజరును అడిగితే ఎప్పుడూ సమస్యే లేదన్నాడు. పక్క లాటులో మెట్ల మీద కూర్చున్న పెద్దావిడను అడిగితే, వాన పడిన వారం టాయిలెట్‌లో నీళ్లు కిందికి పోవని, ఎనిమిదేళ్లుగా చెబుతున్నా ఎవరూ పట్టించుకోలేదని చెప్పింది. అప్పటికి మావాడు ఇంకా సంతకం పెట్టలేదు, పెట్టలేదు కూడా. ఇలాంటి చోటికి వెళ్తే ముందు అద్దెకున్నవాళ్లతో మాట్లాడండి. కెమెరాకు కూడా కనిపించనివి వాళ్లు చెబుతారు.

లగూన్లు, ప్యాకేజీ ప్లాంట్లు ఉన్న పార్కుల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉద్యోగం చేసుకుంటూ పక్కన పెట్టుబడి పెట్టేవాళ్లకు అవి వద్దు. లగూన్ అంటే మురుగును నిల్వ ఉంచే చెరువు. కట్ట తెగకూడదు, నిండకూడదు, అడుగున ఏళ్ల తరబడి చేరిన మడ్డిని ఎప్పుడో ఒకప్పుడు తీయాలి. ప్యాకేజీ ప్లాంటు అంటే గాలి ఊదే మోటార్లు, పంపులు, క్లోరిన్, లైసెన్సున్న ఆపరేటరు. శుద్ధి చేసిన నీళ్లను వాగులోకి వదలాలంటే 1972 నాటి స్వచ్ఛ జల చట్టం కింద పర్మిట్ కావాలి, దాని గడువు ఐదేళ్లకు మించదు. గడువు ముగిసి కొత్తది ఇచ్చేటప్పుడు షరతులు బిగుసుకోవచ్చు. ఐదేళ్ల లాభాల పట్టికలో సరిగ్గా నాలుగో ఏట పర్మిట్ గడువు ముగుస్తుంటే, ఐదో ఏట అంకెను ఎవరు నమ్మాలి?

"సిటీ సీవరు లైను మైలు దూరంలోనే ఉంది, త్వరలో కలిపేస్తాం" అన్న మాట కూడా వింటారు. సిటీ రాసిచ్చిన ఉత్తరం ఉందా అని అడగండి. లైను అంతదూరం వేసే ఖర్చు, లాటుకింత అని సిటీ వేసే కనెక్షన్ ఫీజులు, దారిలో పంపింగ్ స్టేషన్, పాత ట్యాంకులు పూడ్చే ఖర్చు, అన్నీ యజమానివే. పార్కు లోపలి పాత గొట్టాలను సిటీ తన నెత్తిన వేసుకోదు, తన ప్రమాణాలకు తగ్గట్టు మళ్లీ వేసిస్తే తప్ప.

చలి గురించి ఒక్క మాట. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మనవాళ్లందరూ అనుభవించారు కదా, గొట్టాలు గడ్డకట్టి పగిలిపోవడం. మొబైల్ ఇల్లు నేలకు రెండు మూడడుగుల ఎత్తులో ఉంటుంది, కింద గొట్టం చలిగాలికి ఎదురుగా ఉంటుంది. ఎవరి గొట్టం ఎవరిదో, నేల నుంచి ఇంటి వరకు పైకి లేచే ఆ మూడడుగులు ఎవరి బాధ్యతో అద్దె ఒప్పందంలో రాసి ఉండాలి.

పార్కును నేరుగా కొనేవాళ్లు మనలో తక్కువ. ఎక్కువమంది స్పాన్సరు పెట్టిన కంపెనీలో వాటా తీసుకునేవాళ్లు. వీటిలో చాలావాటికి ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయమో, భార్యాభర్తలకు కలిపి 3 లక్షలో, లేకపోతే ఉంటున్న ఇల్లు కాక 10 లక్షల ఆస్తో ఉండాలంటారు. ఆ అర్హత ఉన్నవాడు తన మంచిచెడులు తాను చూసుకోగలడని ప్రభుత్వం అనుకుంటుంది. సాఫ్ట్‌వేరులో ఎంత జీతమొచ్చినా ఆరెంజ్‌బర్గ్ గొట్టం గురించి తెలియదు కదా. కాబట్టి స్పాన్సరును అడగండి: కెమెరా వీడియో, బిల్లులు, పర్మిట్ కాపీ, గొట్టాలు మార్చడానికి పక్కన పెట్టిన సొమ్ము. "ఫేజ్ వన్ రిపోర్టు ఉంది, చాలు" అంటే ఒప్పుకోకండి. అది నేలలో రసాయనాల కాలుష్యం సంగతి చూసే రిపోర్టు. మీ గొట్టాల ఆరోగ్యం అందులో ఉండదు. చెప్పింది మన కులంవాడనీ, మన జిల్లావాడనీ, వాట్సాప్ గ్రూపులో అందరూ పెడుతున్నారనీ పెట్టకండి. గొట్టానికి ఇవేవీ తెలియవు.

పార్కులో ఉండేవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. వాళ్లు కదల్లేరన్నదే ఈ వ్యాపారానికి బలం అని అమ్మేవాళ్లు చెబుతారు. అదే వాళ్ల బలహీనత కూడా. మురుగు బాగుచేయకుండా అద్దె మాత్రం పెంచితే వాళ్లు కొంతకాలం భరిస్తారు. చివరికి ఆరోగ్య శాఖ పార్కు మూయించిందనుకోండి, మీకు పోయేది పెట్టుబడి, వాళ్లకు పోయేది ఇల్లు. చాలా పాత ఇళ్లు కదిలిస్తే నిలబడవు కూడా. బాగుచేయాలనుకునే యజమానికి దారులు లేకపోలేదు. తాగునీటి కోసం 1996లో మొదలైన రాష్ట్ర రివాల్వింగ్ ఫండ్ నుంచి ప్రైవేటు పార్కుల నీటి వ్యవస్థలు కూడా తక్కువ వడ్డీ అప్పుకు అర్హమే. దరఖాస్తుకు ఓపిక కావాలంతే. న్యూ హాంప్‌షైర్‌లో 1984 నుంచి అద్దెకున్నవాళ్లే సహకార సంఘంగా ఏర్పడి పార్కులు కొనుక్కుంటున్నారు. అక్కడా పాత గొట్టాలు, పాత సెప్టిక్‌లే. తాము తాగే నీళ్లు, తాము నడిచే నేల కాబట్టి వాళ్లు ముందు అటే చూస్తారు.

నా వరుస ఇది, కావాలంటే రాసుకోండి. సిటీ నీళ్లు, సిటీ సీవరు, ప్లాస్టిక్ గొట్టాలు ఉంటే ధర చూస్తాను. సిటీ నీళ్లు, సెప్టిక్ అయితే రసీదులు, మట్టి పరీక్ష, ఖాళీ స్థలం చూశాక ధర చూస్తాను. సొంత బోరు అయితే పదేళ్ల రిపోర్టులు చూస్తాను. లగూన్ అయితే కారు దిగను.

ఇకమీదట ఫోన్ చేసేవాళ్లకు ఒక విన్నపం. లాభాల పట్టిక పంపకండి, అది నాకు అర్థం కాదు. 36 నెలల నీళ్ల బిల్లులు, సెప్టిక్ తోడించిన రసీదులు, పర్మిట్ మొదటి పేజీ, ఈ మూడూ ఫోటో తీసి పంపండి. ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ చూసి చెబుతాను. ఫీజు లేదు.